తుపాకి మా ఇంట్లో, టోపీలు చిన్నవ్వ ఇంట్లో

నా చిన్నప్పుడు మా ఇంట్లో తుపాకి ఉండేది. సరిగ్గా చెప్పాలంటే సగం తుపాకి ఉండేది, మిగతా సగం మా తాత తమ్ముడి ఇంట్లో ఉండేది. ఈ మాట మొన్న మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో చెబితే అక్కడున్న మగవాళ్లు పడీ పడీ నవ్వారు. ముసలావిడ ఏదో పాత ముచ్చట చెబుతోందని నవ్వితే నాకేం బాధ లేదు. అంతకు కాసేపటి ముందే వాళ్ల కళ్ల ముందు జరిగింది చూసి కూడా నవ్వారే, అందుకు మండింది. ఇంటికొచ్చి ఇన్ని రోజులైనా ఆ మంట తగ్గలేదు. నెమ్మదిగా రాద్దామనే కూర్చున్నాను గాని, మధ్యలో నా గొంతు పెరిగితే చదివేవాళ్లు కాస్త ఓర్చుకోవాలి.

ముందుగా ఒక సంగతి. నేను తుపాకి పేరెత్తితే చెవులు మూసుకునే మనిషిని కాను. చేవెళ్ల దగ్గర మాకు పొలముంది. మా ఆయన బతికున్నప్పుడు పంట కాపలా కోసం ఒంటి గొట్టం తుపాకికి లైసెన్సు తీసుకున్నారు. ఆయన పోయాక దాన్ని నా పేరు మీదికి మార్పించుకున్నాను. మక్కచేను కంకి పట్టే వేళకు అడవి పందులు మందలుగా పడతాయి. అవి తినేదానికన్నా తొక్కి పాడుచేసేదే ఎక్కువ. గాలిలోకి ఒక్కసారి పేలిస్తే కొన్నాళ్లపాటు అటువైపు రావు. అందుకే ఉంచుకున్నాను. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఎవరూ అడగకముందే ఠాణాలో అప్పజెప్పి వస్తాను. లైసెన్సు గడువు పెంచుకోవడానికి పోయిన ప్రతిసారీ సగం రోజు బెంచీ మీద కూర్చోబెడతారు. ఆ బెంచీ మీద నాకెప్పుడూ విసుగు రాలేదు. ప్రాణం తీసే వస్తువు ఇంట్లో పెట్టుకున్నవాళ్లను ఆ మాత్రం కూర్చోబెట్టడం న్యాయమే.

ఇక ఆ ఫామ్‌హౌస్ మా తమ్ముడిది. వరుసకే తమ్ముడు, వయసుకు నా కొడుకంత ఉంటాడు. మా తాతకు సొంత తమ్ముడు ఒకాయన ఉండేవాడు, మేము చిన్నతాత అనేవాళ్లం. ఆయన మనవడు వీడు. గచ్చిబౌలి వైపు అద్దాల బిల్డింగులు లేచిన కొద్దీ మా పుట్టినూరి వైపు భూముల ధరలకు రెక్కలొచ్చాయి. నిన్నటి దాకా జొన్నలు పండిన చెలకలు గజాల లెక్కన అమ్ముడుపోయాయి. తమ్ముడు కొంత అమ్మాడు, కొంత కొని అమ్మాడు, మిగిలినదాంట్లో ఈత కొట్టే కొలనుతో సహా ఇల్లు కట్టాడు. బాగుపడ్డాడు, సంతోషమే. మెడలోకి లావుపాటి గొలుసు వచ్చింది, వాకిట్లోకి పెద్ద తెల్ల బండి వచ్చింది, వాటి వెనకే నడుముకు పిస్తోలు వచ్చింది. ఎందుకురా ఇది అంటే, "సేఫ్టీకి అక్కా. రియల్ ఎస్టేట్ల ఉన్నంక దుష్మన్లు ఉండరా?" అన్నాడు. ఆ దుష్మన్లు ఎవరో నాకింతవరకు తెలియదు, వాడికీ తెలియదనే నా అనుమానం. పోయిన దసరాకు దాన్ని దేవుడి ముందు పెట్టి, కుంకుమ బొట్లు పెట్టి, పూలేసి ఫోటోలు తీయించుకున్నాడు. అందులో గోలీలు ఉన్నాయో లేవో ఆ ఫోటోలు చూసినవాళ్లు ఎవరైనా అడిగారా? ఎవరూ అడగలేదు.

గృహప్రవేశం దావత్ నాడు ఆ పిస్తోలు వాడి నడుముకు లేదు, సోఫా మెత్త కింద ఉంది. నేను గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాను. తమ్ముడి కూతురు, నాలుగేళ్ల పిల్ల, రెండు చేతులతో దాన్ని మోసుకుంటూ నా దగ్గరికొచ్చి, "అత్తా, హెవీ ఉన్నది చూడు," అంది. గొట్టం నా పొట్ట వైపే ఉంది. నేను అరవలేదు. అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతుంది, వేళ్లు బిగుసుకుంటాయి. గొట్టాన్ని మెల్లగా గోడ వైపు తిప్పి పట్టుకుని, "అవును తల్లీ, మస్తు బరువున్నది, నేను పట్టుకుంట తే," అని తీసుకున్నాను.

"పరేషాన్ కాకు అక్కా, ఖాళీదే అది. గోలీల డబ్బ తీసి బీరువల పెట్టిన," అన్నాడు తమ్ముడు నవ్వుతూ. నా చేతిలోంచి తీసుకుని, ఖాళీదని అందరికీ చూపించడానికి దాని పై భాగాన్ని వెనక్కి లాగాడు. లోపల మిగిలి ఉన్న గోలీ ఒకటి ఎగిరి పాలరాతి నేల మీద పడి దొర్లింది. డబ్బా తీసిన మహానుభావుడు గొట్టంలోకి అప్పటికే ఎక్కిన గోలీ సంగతి చూసుకోలేదు. పిల్ల పరుగెత్తి దాన్ని ఏరుకొచ్చి, దొరికిందని సంబరంగా వాళ్ల నాన్న చేతిలో పెట్టింది. తమ్ముడు దాన్ని జేబులో వేసుకుని, "ఏం కాలేదు గద అక్కా, ఇడిసెయ్," అన్నాడు. పక్కనున్నవాళ్లు కూడా అదే అందుకున్నారు. ఏం కాలేదు గద. ఏమైనా అయి ఉంటే ఏం చేసేవాళ్లో చెప్పమన్నాను. అప్పుడు నేను మా తాత తుపాకి సంగతి ఎత్తితే నవ్వుల్లో కలిపేసి, నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు. ఇక్కడ నన్నాపేవాళ్లు లేరు కాబట్టి చెబుతాను.

మా తాతది భర్మారు తుపాకి. అంటే ఇప్పటిలా తూటా పెట్టి పేల్చేది కాదు. గొట్టం మూతి నుంచి మందు పోసి, పీచు పెట్టి, సీసపు గుండ్లు వేసి, ఇనుప కడ్డీతో బాగా కూరాలి. అంత చేసినా అది పేలదు. వెనక సుత్తి పడే చోట శనగగింజంత రాగి టోపీ ఒకటి తొడగాలి. సుత్తి ఆ టోపీ మీద పడితేనే నిప్పు పుట్టి లోపలి మందు అంటుకుంటుంది. టోపీ లేకపోతే భర్మారు ఒట్టి ఇనుప గొట్టం, దానికన్నా రోకలిబండ నయం.

తాత, చిన్నతాత వేరుపడ్డప్పుడు ఎడ్లు, గిన్నెలు, కొట్టాలు అన్నీ పంచుకున్నారట. బావి ఒక్కటే కాబట్టి నీళ్లకు వంతులు పెట్టుకున్నారు. తుపాకి కూడా ఒక్కటే. లైసెన్సు తాత పేరు మీద ఉంది, పందులు మాత్రం ఇద్దరి చేన్లలోనూ పడేవి. అది ఎవరింట్లో ఉండాలని మగవాళ్లు తెగ వాదించుకుంటుంటే, మా నాయనమ్మ, ఆమె తోడికోడలు కలిసి తీర్పు చెప్పారు. తుపాకి, మందు పెద్దింట్లో ఉంటాయి. టోపీలు చిన్నింట్లో ఉంటాయి. పంది మీదికి పోవాలంటే రెండిండ్లకూ తెలియాలి. మగవాళ్లకు అది సమానంగా చేసిన పంపకంలాగే కనబడింది. సరేనన్నారు.

నాయనమ్మను మేము అవ్వ అనేవాళ్లం, ఆమె తోడికోడలిని చిన్నవ్వ అనేవాళ్లం. చిన్నవ్వ మా అవ్వకన్నా బాగా చిన్నది, దాదాపు మా అమ్మ ఈడుది. ఆ రోజుల్లో మా ఇండ్లలో కోడలు తన భర్త అన్నకు ఎదురుపడి మాట్లాడేది కాదు. తలుపు చాటున నిలబడి, మధ్యలో ఒక పిల్లను పెట్టుకుని మాట్లాడేది. తాతకు చిన్నవ్వతో ఏ పనిబడినా నన్ను వెంట తీసుకుపోయేవాడు. ఆయన మాట నేను ఆమెకు చెప్పాలి, ఆమె మాట ఆయనకు చెప్పాలి. ఇద్దరికీ అన్నీ వినబడుతూనే ఉండేవి, అయినా నేను చెప్పేదాకా వినబడనట్టే ఉండేవాళ్లు. నాకది మంచి ఆటగా ఉండేది. మక్కచేన్ల రోజుల్లో టోపీల కోసం ఎన్నోసార్లు పోయాం. చిన్నవ్వ ప్రతిసారీ, "దేనికో అడుగు," అనేది. "పందికంట," అని నేను చెబితే లోపలికి పోయి ఒకటో రెండో తెచ్చి నా అరచేతిలో పోసేది. తెలిసిన సంగతే కదా, ప్రతిసారీ ఎందుకు అడుగుతుందో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ రోజు ఎండాకాలం. బావి అడుగంటింది. వంతు తాతది. తాత పోయేసరికి చిన్నతాత మోట ఆపకుండా తన మడికే నీళ్లు పారిస్తున్నాడట. మాటా మాటా పెరిగింది. కూలివాళ్లు చూస్తుండగా చిన్నతాత మా తాత రొమ్ము మీద చెయ్యేసి నెట్టాడు. తాత తల రుమాలు ఊడి బురదలో పడింది. తండ్రి పోయిన నాటి నుంచి ఆ తమ్ముణ్ని భుజాన మోసి పెంచినవాడు మా తాత. ఆయన కింద పడ్డ రుమాలు కూడా తీసుకోలేదు. నేరుగా ఇంటికొచ్చాడు.

వట్టి తలతో వాకిట్లోకి వచ్చిన తాతను చూసి నేను ఆడుకుంటున్నదాన్ని లేచి నిలబడ్డాను. ఆయన కళ్లు మమ్మల్ని చూడడం లేదు. లోపలికి పోయి కొయ్యల మీది తుపాకి దించాడు. "మందు తియ్యి. ఇయ్యాల వాడన్న ఉండాలె, నేనన్న ఉండాలె," అన్నాడు అవ్వతో. మా అమ్మ ఏడుపు లంకించుకుంది. అవ్వ ఏడవలేదు, వద్దనలేదు, కాళ్లకు అడ్డం పడలేదు. లోపలికి పోయి మందు బుర్ర, గుండ్ల సంచి తెచ్చి ఆయన ముందు పెట్టింది. నాకు అవ్వ మీద పట్టరాని కోపమొచ్చింది. చిన్నతాత నన్ను బండి మీద ఎక్కించుకుని తిప్పేవాడు, రేగుపండ్లు తెచ్చేవాడు. ఆయన్ను చంపడానికి ఈమె చేతులారా మందు అందిస్తోందేమిటి, ఈమెకు పిచ్చి పట్టిందా అనుకున్నాను.

తాత వాకిట్లో గొంతుక్కూర్చుని కూరడం మొదలుపెట్టాడు. తొందరలో సగం మందు మట్టిలో పడింది. గుండ్లు వేశాడు, కడ్డీ దించి బలంగా కూరాడు, లేచి చెయ్యి చాచాడు.

"టోపీలేవీ?"

"నా తాన టోపీలు ఎప్పుడున్నయి? చిన్నదాని తాననే గద," అంది అవ్వ. అని, పక్కన పెట్టిన చాట మళ్లీ చేతిలోకి తీసుకుంది. "పిల్లను తీస్కపోయి అడుగు."

ఆ కోపంలో తాత టోపీల సంగతే మరిచాడు. గుర్తు రాగానే నా రెక్క పట్టుకుని బయలుదేరాడు. ఒక చేతిలో నేను, ఇంకో చేతిలో నిండా కూరిన తుపాకి. ఆయన అంగలకు నేను పరుగెత్తాల్సి వచ్చింది. తమ్ముణ్ని చంపడానికి బయలుదేరిన మనిషి తమ్ముడింటికే పోయి, తమ్ముడి పెళ్లాన్నే నిప్పు అడగబోతున్నాడు.

చిన్నవ్వ ఇంట్లో తిరగలి చప్పుడు వినబడుతోంది. మా అడుగుల చప్పుడుకు అది ఆగింది. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుని తలుపు చాటుకు వచ్చి నిలబడింది. తలుపు సందులోంచి ఆమె తాత చేతిలోని తుపాకిని చూసింది, తాత వట్టి తలను చూసింది.

"టోపీలు గావాలెనని చెప్పు," అన్నాడు తాత.

నేను చెప్పాను. "దేనికో అడుగు బిడ్డా," అంది చిన్నవ్వ. ఎప్పుడూ అడిగే గొంతుతోనే అడిగింది.

"దేనికని అడుగుతున్నది తాతా," అన్నాను.

తాత నా ముఖంలోకి చూశాడు. బావి దగ్గర నుంచి వచ్చాక ఆయన ఒక మనిషి ముఖంలోకి చూడడం అదే మొదలు. పెదవులు కదిలాయి. పందికి అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట అంటే ఆమె టోపీ తెచ్చివ్వాల్సిందే, అది వాళ్లు పెట్టుకున్న పద్ధతి. ఆయన ఆ మాట అనలేదు. నిజం చెప్పడానికీ నోరు రాలేదు. నీ మొగుణ్ని చంపడానికి అని, మనవరాలి నోటితో, ఎట్లా చెప్పి పంపుతాడు? ఆయన చెప్పలేదు కాబట్టి, పిల్లలు అడిగినట్టే నేను మళ్లీ అడిగాను. "దేనికి తాతా?"

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. తుపాకిని పక్కన పడుకోబెట్టి, రెండు చేతులతో తల పట్టుకుని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే చూసి నాకు తుపాకి చూసినప్పటికన్నా ఎక్కువ భయమేసింది. లోపలి నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి నాకు చెంబుతో నీళ్లందించింది. ఆ వెనకే చిన్నతాతది ఉతికి మడత పెట్టిన రుమాలు ఒకటి అందించింది.

"ఎండల వట్టి తల్కాయతోని పోవద్దను మీ తాతను," అంది చిన్నవ్వ.

తాత నీళ్లు తాగాడు. తమ్ముడి రుమాలు తలకు చుట్టుకుని ఇంటికొచ్చాడు. అవ్వ తుపాకి అందుకుని, గొట్టం మూతిలోంచి బిందెతో నీళ్లు పోసింది. కూరిన మందును అట్లా నానబెడితే ఇక అది మట్టితో సమానం. ఆ రోజుల్లో మందు దొరకడమే గగనం, అయినా తాత ఆమెను ఆపలేదు. తర్వాత చాలా రోజులు వేడినీళ్లతో ఆ గొట్టం కడుగుతూ, నూనె పట్టిస్తూ కూర్చున్నాడు. అన్నదమ్ములు వెంటనే కౌగిలించుకున్నారని చెప్పను. చాలాకాలం ఎడమొహం పెడమొహంగానే తిరిగారు, నీళ్ల వంతు పెద్దమనుషులు కూర్చుని తేల్చారు. కాని ఇద్దరూ బతికి ఉన్నారు, ఒకరు శ్మశానానికి, ఒకరు జైలుకు పోకుండా ఆ మధ్యాహ్నం దాటిపోయింది. ఆ తర్వాతి ఏడు చిన్నవ్వకు కొడుకు పుట్టాడు. ఆ కొడుకు కొడుకే ఇప్పుడు సోఫా మెత్త కింద పిస్తోలు పెట్టి, ఏం కాలేదు గద అంటున్నవాడు. నా కోపం ఎక్కడి నుంచి వస్తోందో ఇప్పుడు తెలిసిందా?

నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక ఒకసారి పుట్టింటికి పోయినప్పుడు చిన్నవ్వను అడిగాను, తాత దేనికి వచ్చాడో ఆ రోజు నీకు తెలియలేదా అని.

"ఎరుక లేకేంది బిడ్డా. పట్టపగలు పంది మీదికి ఎవడు పోతడు?"

"మరి తాత పందికే అని ఉంటే?"

"ఇస్తుంటి. ఇయ్యనంటే గుంజుకుంటుండె గద. మీ తాత నాకు అబద్ధం చెప్పడని ఒక్కటే ధైర్యం," అంది. తర్వాత, ఇంకా ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పింది. "వేరుపడ్డ నాడే మీ అవ్వ నాతోని అన్నది. అన్నదమ్ములన్నంక ఎప్పుడన్న కొట్లాట వస్తది, వచ్చిన నాడు నా మొగడు నీ గడపకు రావాలె, నీ మొగడు నా గడపకు రావాలె, గట్ల పెట్టుకుందం అన్నది."

ఇద్దరూ చదువురాని ఆడవాళ్లు. కోపమొచ్చిన మగవాణ్ని బతిమాలి ఆపలేమని వాళ్లకు తెలుసు. అందుకే కోపానికీ తుపాకికీ మధ్య రెండిండ్ల దూరం పెట్టారు. ఆ దూరం నడిచేసరికి మా తాత మళ్లీ మా తాత అయ్యాడు. టోపీల డబ్బా ఎవరి చేతిలో పెట్టారో చూడండి. ఆ తుపాకి పేలితే ఎవరి బతుకు బుగ్గవుతుందో ఆమె చేతిలోనే పెట్టారు. ఆమెకన్నా జాగ్రత్తగా ఇంకెవరు కాపాడతారు?

ఇప్పుడు దేనికి అని ఎవరు అడుగుతున్నారు? దరఖాస్తులో ఒక గీత వదిలిపెడతారు, అందులో ఆత్మరక్షణ అని రాస్తే సరిపోతుంది. రాసేవాడి ముఖంలోకి చూసేవాళ్లు లేరు. ఎవరి సిఫారసు తెచ్చాడో చూస్తారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారా, తాళం పడే ఇనుప పెట్టె ఉందా, కోపమొస్తే వీడు చెయ్యెత్తుతాడా, తాగి బండి నడుపుతాడా, ఇవేవీ చూడరు. నన్నడిగితే లైసెన్సు ఇచ్చే ముందు ఆ ఇంటి ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగాలి. తుపాకి ఒక తాళం కింద, తూటాలు ఇంకో తాళం కింద ఉన్నాయో లేవో అప్పుడప్పుడు ఇంటికొచ్చి చూడాలి, అదీ చెప్పకుండా రావాలి. నా ఇంటికే మొదట రమ్మంటాను. పెళ్లి బరాత్‌లో గాలిలోకి పేల్చి మీసం తిప్పినవాడి లైసెన్సు తెల్లారేసరికి పోవాలి. ఈ మాటలంటే, నువ్వు తుపాకి పెట్టుకుని మాకు నీతులు చెబుతున్నావా అంటారు. పెట్టుకున్నాను కాబట్టే చెబుతున్నాను. అది ఎంత బరువో నాకు తెలుసు, నాలుగేళ్ల పిల్లకు కూడా తెలిసింది, మా తమ్ముడికే తెలియలేదు.

దావత్ అయిన మర్నాడు నేను ఠాణాకు పోయాను. సొంత రక్తం మీద ఫిర్యాదు చేయడానికి పోయాను. అక్కడి అధికారి చిన్నవాడే, మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"ఎవరికన్న దెబ్బ తగిలిందా అమ్మా?"

"లేదు."

"ఎవర్నన్న బెదిరించిండా?"

"లేదు."

"మరి కంప్లైంట్ దేనికమ్మా?"

ఆ మాటతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గా మాట పిస్తోలు ఇచ్చిన నాడు వాణ్ని అడగాలె బిడ్డా. నన్నడుగుతున్నవా?" అన్నాను. వాకిట్లో ఉన్నవాళ్లు కూడా తొంగిచూసేంత గట్టిగా అన్నాను. ఆయన కాగితం తీసుకున్నాడు, చూస్తామన్నాడు. చూశారో లేదో ఇప్పటిదాకా నాకు కబురు లేదు. తమ్ముడికి మాత్రం ఆ సాయంత్రానికే కబురందింది. ఇంటి పరువు ఠాణాకెక్కించిందని మా వాళ్లంతా నాతో మాటలు మానేశారు.

ఒక్క మరదలు మానలేదు. తమ్ముడి భార్య గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఆ రోజు గోలీ నేల మీద దొర్లినప్పుడు తలుపు దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది, ముఖంలో నెత్తురు చుక్క లేదు. మగవాళ్లు వినని కథను నేను ఆమెకు ఆ రోజే వంటింట్లో మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆ వారంలోనే పిల్లను తీసుకుని మెహదీపట్నంలో ఉన్న తల్లి దగ్గరికి పోయింది. గోడకు బిగించిన ఇనుప పెట్టె వచ్చేదాకా, దాని తాళంచెవి తన చేతికి వచ్చేదాకా పిల్ల ఆ ఇంట్లో అడుగుపెట్టదని చెప్పిందట. తమ్ముడు ఎగిరాడు, అలిగాడు, నన్ను నానా మాటలన్నాడు. కూతురు లేని ఇల్లు ఎంత పెద్దదైతే ఏం లాభం? పెట్టె బిగించాడు. నా ఫిర్యాదుతో కాని పని ఆ పిల్ల తల్లి గడప దాటితే అయింది.

"తాళంచెవి నా ఆఫీసు బ్యాగుల ఉన్నది వదినా. ఎటు పోయినా నాతోనే ఉంటది," అని ఫోన్ చేసి చెప్పింది. చిన్నవ్వ ఉంటే ఈ మనవడి భార్యను తలుపు చాటు లేకుండా ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడేది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మళ్లీ కోపమొచ్చింది, ఈ పని ఒక ఆడపిల్ల పుట్టింటికి పోతే తప్ప జరగదా అని.

కోపం మా రక్తంలోనే ఉంది, నాకూ ఉంది. అందుకే నా తుపాకి ఇంట్లో బీరువాలో ఉంటుంది, తూటాలు వేరే ఇనుప పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టె తాళంచెవి మా పక్క చేను ఆమె దగ్గర ఉంటుంది. ఆమెకూ నాకూ గట్టు తగాదా ఉంది. సర్వే చేసేవాళ్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నాం, ఎదురుపడితే ఒకరి ముఖం ఒకరం చూసుకోం. ఊళ్లో ఇంతమంది మంచివాళ్లుండగా దానికెందుకు ఇచ్చావని అందరూ అడుగుతారు. మంచివాళ్ల దగ్గర పెడితే అది నాకు అడ్డం ఎట్లా అవుతుంది? పందులు చేన్లో పడ్డాయంటే నేనే పోయి ఆమె గడప ముందు నిలబడతాను. "దేనికి?" అంటుంది లోపలి నుంచే, బయటికి కూడా రాదు. చెబితే తెచ్చిస్తుంది, పనయ్యాక తిరిగి తీసుకుంటుంది. పోయిన వానాకాలం ఆమె నా గట్టును మళ్లీ రెండు సాళ్లు లోపలికి దున్నించింది. నాకు ఒళ్లు తెలియలేదు. లేచి తుపాకి ఉన్న బీరువా వైపు నాలుగడుగులు వేశాక, తాళంచెవి ఎవరిని అడగాలో గుర్తొచ్చి, అంత కోపంలోనూ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక పోయి ఆమె వాకిట్లో నిలబడి నోరారా తిట్టి వచ్చాను. తిట్టడానికి లైసెన్సు అక్కర్లేదు.